నాటిన మొక్కల లెక్క కాదు, వేసవి దాటిన మొక్కల లెక్క అడగండి

గౌరవనీయులైన ఎన్‌టీఆర్, గుంటూరు జిల్లాల విద్యాశాఖాధికారులకు, మండల విద్యాశాఖాధికారులకు, ప్రాథమిక పాఠశాలల ప్రధానోపాధ్యాయులకు, ఉపాధ్యాయులకు నమస్కారం.

విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల నర్సరీలు పెంచేవాళ్లం, వృక్షశాస్త్రం చెప్పేవాళ్లం, పక్షుల్ని గమనించేవాళ్లం కలిసి రాస్తున్న ఉత్తరం ఇది. మేము అడిగేది ముఖ్యంగా ఒక్కటే. జులైలో వన మహోత్సవం అయ్యాక బడుల నుంచి తెప్పించుకునే నివేదికలో ఇంకో గడి చేర్చండి: నిరుడు నాటినవాటిలో ఎన్ని బతికున్నాయి? ఆ గడి నింపాల్సి వస్తుందని తెలిస్తే బడిలో మొక్కల పని దానంతటదే మారుతుంది. మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లల చేత ఏమేం చేయించవచ్చో, ఎక్కడ చెడిపోతుందో కింద రాస్తున్నాం.

మన బడులు జూన్ 12 ప్రాంతంలో తెరుస్తారు, ఏప్రిల్ 23 ప్రాంతంలో మూస్తారు. జులైలో నాటిన మొక్కకు అప్పటిదాకా ఎవరో ఒకరు నీళ్లు పోస్తూనే ఉంటారు. తర్వాత యాభై రోజులు గేటుకు తాళం. విజయవాడ, గుంటూరు ఎండ 45 డిగ్రీలు తాకేది సరిగ్గా ఆ యాభై రోజుల్లోనే. వేరు ఇంకా లోతుకు దిగని మొక్క పది రోజులు కూడా తట్టుకోదు. జూన్‌లో పిల్లలు వచ్చేసరికి కర్రపుల్ల మిగులుతుంది, మళ్లీ అదే గుంటలో కొత్త మొక్క పెడతారు. అది చూసిన పిల్లవాడికి మొక్క అంటే ఏటా మార్చేది అన్న సంగతే మనసులో నాటుకుంటుంది.

రెండో తప్పు మొక్కల ఎంపికలో ఉంది. ఆటోలో ఏది దిగితే అది నాటేయడం వల్ల ఆవరణలు కోనోకార్పస్, తురాయి, నిద్రగన్నేరుతో నిండిపోతున్నాయి. తురాయి మడగాస్కర్ నుంచి, నిద్రగన్నేరు అమెరికా ఖండం నుంచి వచ్చాయి. నీడకు బాగుంటాయి కానీ తురాయి కొమ్మ పెళుసు, గాలివానకు పిల్లలాడుకునే చోట విరిగి పడుతుంది. కోనోకార్పస్ సంగతి వేరు. పశువులు అంతగా ముట్టవు, ఏడాది పొడుగునా పచ్చగా ఉంటుంది, అందుకే అందరూ దాన్నే తెస్తున్నారు. గుజరాత్ ప్రభుత్వం 2023లో దాన్ని నాటడం నిషేధించింది. దయచేసి బడుల్లోకి రానివ్వకండి.

ప్రాథమిక బడికి వంద మొక్కలు అక్కర్లేదు. తరగతికొకటి, మొత్తం ఐదు చెట్లు చాలు. వేప, కానుగ, నేరేడు, రేల, పొగడ. వేప 2018 నుంచి మన రాష్ట్ర వృక్షం కూడా. మిగతా చెట్లు బోడిగా ఉండే రోజుల్లో కానుగ కొత్త చిగురు తొడిగి నీడనిస్తుంది, దాని పూలకు తేనెటీగలు ముసురుతాయి. నేరేడు పళ్లకు కోకిలలు, ఉడుతలు, గబ్బిలాలు వస్తాయి. రేల ఆకు తిని పెరిగే సీతాకోకచిలుకలున్నాయి. కొండపల్లి, ఇబ్రహీంపట్నం వైపు బడులు పొగడ బదులు తెల్ల పొణికి పెట్టుకుంటే ఇంకా మంచిది. కొండపల్లి బొమ్మ తయారయ్యేది ఆ కర్రతోనే. అంబారీ ఏనుగు బొమ్మ తెలిసిన పిల్లలకు ఆ చెట్టు తెలియకపోవడం బాధగా ఉంది.

ఈ మొక్కల్ని కొనకండి, పిల్లల చేత విత్తనం నుంచి పెంచించండి. ముప్పై మంది ఉన్న తరగతికి నలభై సంచులు వేసుకోవాలి. ఆరు అంగుళాల వెడల్పు, తొమ్మిది అంగుళాల ఎత్తున్న నర్సరీ సంచులు దొరకకపోతే లీటరు పాల ప్యాకెట్లు కడిగి వాడుకోవచ్చు. అడుగున, పక్కల కలిపి ఆరు చిల్లులు పెట్టాలి. మట్టి పాళ్లు ఇవి: ఎర్రమట్టి రెండు తట్టలు, ఇసుక ఒక తట్ట, బాగా మాగిన పశువుల ఎరువు ఒక తట్ట. గుంటూరు వైపు చేతికందేది నల్లరేగడి. దాన్ని ఒక్కదాన్నే నింపితే తడిసినప్పుడు బంక, ఎండితే బండ, పగుళ్లిచ్చి వేరును తెంపుతుంది. తప్పనిసరైతే ఇసుక రెట్టింపు కలపండి. పచ్చి పేడ అసలు వద్దు. వేడికి మొలక మాడుతుంది, వేరుపురుగు చేరుతుంది.

ఒక్కో విత్తనానికి ఒక్కో స్వభావం. వేప గింజ ఆయుష్షు తక్కువ, రెండు మూడు వారాలు దాటితే మొలకెత్తే శక్తి వేగంగా పడిపోతుంది. అందుకే పోయినేడు ఏరి దాచిన గింజలు మొలవవు. బడి తెరవగానే చెట్టు కింద పసుపుపచ్చగా పండి రాలినవి ఏరించి, నీళ్లలో ఇసుకతో కలిపి పిసికి గుజ్జు పోగొట్టి, రెండు రోజులు నీడన ఆరబెట్టి, ఆ వారంలోనే అర అంగుళం లోతున పడుకోబెట్టి వేయాలి. నేరేడు కూడా అంతే. పిల్లలు పండు తిని ఊసిన గింజను కడిగి అదే వారం వేయించండి. ఒకే గింజ నుంచి రెండు మూడు మొలకలు వస్తే పిల్లలు ఆశ్చర్యపోతారు. నేరేడుకు అది మామూలే. బలమైనదాన్ని ఉంచి మిగతావి గోటితో గిల్లేయాలి, లాగితే మంచిదాని వేరు కూడా కదులుతుంది.

కానుగ కాయలు వేసవి ముందే పండుతాయి కాబట్టి సెలవులకు ముందే ఏరి, పెంకుతోనే గుడ్డసంచిలో దాచి, జూన్‌లో ఒలిచి, ఒక రాత్రి నానబెట్టి వేస్తే రెండు వారాల్లో మొలుస్తాయి. రేలతోనే కాస్త పని. ఆ నల్లటి పొడుగు కాయను విరిస్తే లోపల బిళ్లల్లాంటి అరలు, అరకొక గింజ. పెంకు రాయిలా ఉండి నీటిని లోపలికి పోనివ్వదు. వడ్రంగి వాడే ఉప్పు కాగితం మీద గింజను ఒక పక్కన రుద్దాలి, లోపలి లేత రంగు కనబడగానే ఆపి రాత్రంతా నానబెట్టాలి. తెల్లారేసరికి ఉబ్బినవి వేయడానికి సిద్ధం. ఉబ్బనివి మళ్లీ రుద్దాలి. విత్తనం ఎందుకు నిద్రపోతుందో, ఎలా లేస్తుందో చెప్పడానికి ఇంతకంటే మంచి పాఠం మాకు తెలియదు. ఆ కాయ గుజ్జు నోట్లో పెట్టుకుంటే విరేచనాలవుతాయని మాత్రం ముందే చెప్పండి.

నీళ్లు పోసే తీరు కూడా నేర్పాలి. పిల్లలు బిందెతో కుమ్మరిస్తారు, గింజ పైకి తేలిపోతుంది. నీళ్ల సీసా మూతకు వేడి సూదితో పెద్దవాళ్లెవరైనా ఐదారు చిల్లులు పెట్టిస్తే చాలు. పొద్దున ప్రార్థనకు ముందు ఒకసారి. రోజూ పోయాలని లేదు, వేలు పెట్టి చూసి రెండో గణుపు దాకా పొడిగా ఉంటేనే పోయాలి. ఎక్కువ నీళ్లకు మొలక మొదలు కుళ్లి ఒరిగిపోతుంది. బడి నర్సరీల్లో ఎండకంటే ఎక్కువ మొక్కల్ని చంపేది ఇదే.

దసరా సెలవుల తర్వాత సంచి మార్చాలి. ఎనిమిది అంగుళాల వెడల్పు, పన్నెండు అంగుళాల ఎత్తుది కావాలి. ఈ పని మానేస్తే తల్లివేరు అడుగు తగిలి చుట్టలు తిరుగుతుంది. అలాంటి మొక్క నాటాక కొన్నేళ్లు బాగానే పెరిగినట్టుంటుంది, తుఫాను గాలికి మొదలంటా పడిపోతుంది. వేరు చుట్టుకున్నదీ లేనిదీ పక్కపక్కన పెట్టి పిల్లలకు చూపించండి.

ఇక ఆ యాభై రోజుల సంగతి. ఏప్రిల్ ఆఖరి పనిరోజున ఎవరి సంచి వాళ్లు ఇంటికి తీసుకెళ్లాలి. జూన్ 12న తిరిగి తేవాలి. ఇంట్లో పొద్దుటి ఎండ మాత్రం తగిలేచోట, కుళాయి దగ్గర పెడితే సరి. అపార్టుమెంటు బాల్కనీ అయినా పరవాలేదు. నీళ్లు పోసేది అమ్మమ్మో నాన్నమ్మో అయినా ఆ మొక్క పిల్లవాడిదే. తిరిగి వచ్చినవాటిలో గట్టి ఐదింటిని జులైలో బడిలో నాటి, మిగతావి వీధికి, గుడికి, చెరువు గట్టుకు ఇవ్వండి.

నాటే గుంట ఒకటిన్నర అడుగు పొడవు, వెడల్పు, లోతు ఉండాలి. వారం ముందే తవ్వి ఆరనివ్వాలి. సంచి చించి తీసేయాలి. ఈ మాట ఎందుకు రాస్తున్నామంటే, ఎండిన మొక్కను పీకి చూస్తే కవరుతో సహా నాటినవి బయటపడుతుంటాయి. మొక్కకు అడుగు దూరంలో ఐదు లీటర్ల మట్టికుండను మెడ దాకా పూడ్చి నీళ్లు నింపి మూత పెట్టండి. రంగు వేసినది, మెరుగు పూసినది పనికిరాదు, నీరు ఊరదు. మామూలు కుండ నుంచి నీరు ఊరుతూ వేరును తనవైపు లాగుతుంది. ఎండాకాలంలో మూడు నాలుగు రోజులకోసారి నింపితే చాలు. సెలవుల్లో ఈ పనికి బడి దగ్గర ఇల్లున్న ఒకరికి బాధ్యత అప్పగించి, అందుకు కొంత సొమ్ము విద్యా కమిటీ ఖాతా నుంచి వాడుకోవడానికి అనుమతి ఇవ్వండి. రెండు వేసవులు దాటితే వేప, కానుగలు మళ్లీ మనల్ని నీళ్లడగవు. చుట్టూ రాలిన ఆకు నాలుగు అంగుళాల మందాన పరవండి, కాండానికి జానెడు దూరం వదిలి. సిమెంటు మాత్రం మొక్క చుట్టూ మీటరు దూరం దాకా పోయనివ్వకండి.

విత్తన బంతుల గురించి చాలామంది అడుగుతున్నారు. చేయడం పిల్లలకు సరదాయే. కానీ కొండ మీద విసిరేసిన బంతిలో మొలిచినదానికి నీళ్లిచ్చేవాళ్లు, మేకల నుంచి కాపాడేవాళ్లు ఉండరు. అదే రోజు, అదే మట్టి నలభై సంచులకు వాడితే మేలని మా అభిప్రాయం.

ఇప్పుడు ప్రాణుల సంగతి. పులి, సింహం బొమ్మలతో కాదు, బడి కరివేపాకు చెట్టుతో మొదలుపెట్టండి. నలుపు మీద లేత పసుపు మచ్చలుండే సీతాకోకచిలుక ఒకటి దాని లేత ఆకుల మీద గుండుసూది తలంత గుడ్లు ఒక్కొక్కటిగా పెట్టి పోతుంది. మూడు నాలుగు రోజులకు పురుగు బయటికొస్తుంది. మొదట నలుపు, తెలుపు కలిసి అచ్చం పిట్ట రెట్టలా ఉంటుంది. పిట్ట దాన్ని తినకుండా వదిలేసేది అందుకే. పెద్దయ్యాక కరివేపాకు రంగులోకి మారుతుంది. పుల్లతో మెల్లగా తాకితే తల వెనక నుంచి నారింజ రంగు కొమ్ములు రెండు బయటికి తన్ని ఘాటు వాసన వస్తుంది. వెంట్రుకలుండవు, దురద పెట్టదు. ఒళ్లంతా వెంట్రుకలున్న గొంగళిపురుగును మాత్రం ముట్టుకోవద్దని చెప్పాలి.

తరగతిలో పెంచాలంటే జానెడున్నర ఎత్తున్న ప్లాస్టిక్ డబ్బా, మూతికి పల్చటి గుడ్డ, లోపల చిన్న సీసాలో నీళ్లు, అందులో కరివేపాకు రెమ్మ. సీసా మూతిని దూదితో మూయకపోతే పురుగు నీళ్లలో పడి చస్తుంది. డబ్బాకు రెండు పురుగులకు మించొద్దు. రోజూ ఆకు మార్చాలి, రెట్ట తీసేయాలి, లేదంటే బూజు పడుతుంది. బజారు కరివేపాకు వేయకండి. దాని మీద కొట్టిన మందుకు పురుగు పూట గడవకముందే పడిపోవచ్చు, ఇంటి చెట్టుదే తెప్పించండి. తినడం మాని అటూ ఇటూ తిరుగుతుంటే గరుకు పుల్ల ఒకటి ఏటవాలుగా పెట్టాలి. నడుముకు పట్టుదారం కట్టుకుని దానికి ఆనుకుని గూడు (ప్యూపా) దశలోకి వెళుతుంది. ఇంకో వారం పది రోజులకు రెక్కలొస్తాయి. కింద చోటు లేకపోతే ఆ రెక్కలు ముడతలు పడి ఇక ఎగరలేదు, డబ్బా ఎత్తుగా ఉండాలన్నది అందుకే. గూడుకు చిన్న చిల్లు పడి లోపల ఖాళీగా ఉంటే కందిరీగ జాతి పరాన్నజీవి తినేసిందని అర్థం. పిల్లలు ఏడిస్తే ఏడవనివ్వండి, కానీ దాచకండి. ఆ కందిరీగ కూడా ఈ నేలదే. నెల రోజులు ఈ పురుగును చూసిన పిల్ల, ఇంట్లో కరివేపాకు మీద మందు కొట్టబోతే అడ్డుపడుతుంది.

జిల్లేడు మీద పసుపు, నలుపు, తెలుపు చారల పురుగును కూడా చూపించవచ్చు, కానీ దూరం నుంచే. జిల్లేడు పాలు కంట్లో పడితే చూపుకు ప్రమాదం. గన్నేరు, పచ్చ గన్నేరు, ఉమ్మెత్త బడి ఆవరణలో లేకుండా చూడండి, ఇవి విషం. వయ్యారిభామను పిల్లల చేత పీకించకండి. చర్మం పొక్కుతుంది, ఉబ్బసం ఉన్నవాళ్లకు ఎక్కువవుతుంది. గుర్తుపట్టడం పిల్లల పని, చేతికి తొడుగులు వేసుకుని పూతకు ముందే పీకడం పెద్దల పని.

మొక్కల పేర్లు నేర్పడానికి మనకు వినాయక చవితి ఉంది. ఇరవై ఒక్క పత్రిలో మాచిపత్రి, వాకుడు, మారేడు, గరిక, రేగు, ఉత్తరేణి, వావిలి, జమ్మి, రావి, తెల్లమద్ది ఉన్నాయి. బజారులో కట్ట కొంటే అందులో ఏ ఆకులుంటాయో చాలాసార్లు అమ్మేవాళ్లకే తెలియదు. పండగకు రెండు వారాల ముందు తరగతికి ఐదు పత్రుల చొప్పున పంచి, ఊళ్లో ఎక్కడున్నాయో వెతికించి, ఒక్కొక్క ఆకే తెప్పించండి. కొమ్మ విరవకూడదు. ఉత్తరేణి వెన్నును కిందినుంచి పైకి నిమిరితే గుచ్చుకుంటుంది, లాగు అంచుకు పట్టుకుని వచ్చేది అదే. ఆ ఒక్క గుర్తు చాలు, జీవితంలో మరచిపోరు. దసరాకు జమ్మి కొమ్మలు విరవడం, పాలపిట్టను చూపిస్తామని పట్టి తెచ్చేవాళ్లకు డబ్బులివ్వడం గురించి కూడా అప్పుడే మాట్లాడండి. ఎగిరే పాలపిట్టను పొలంలో తీగ మీద చూడాలి.

సంక్రాంతికి ముందు గాలిపటాల దారం గురించి ఒక పీరియడ్ తప్పకుండా ఇవ్వండి. నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో దేశమంతటా నిషేధించింది. నూలు దారమే కొనాలి. పక్షులు గూళ్ల నుంచి బయల్దేరే తెల్లవారుజామున, తిరిగొచ్చే సాయంత్రం ఎగరేయకూడదు. పండగయ్యాక చెట్లకు, తీగలకు చిక్కుకున్న దారాన్ని పిల్లలు ఎక్కి తీయకూడదు. కింద పడినదాన్ని ఇటుకముక్కకు చుట్టి చెత్తబండిలో వేయాలి.

పిచ్చుక గూళ్లు చాలా బడుల్లో వేలాడుతున్నాయి, చాలావరకు ఖాళీగానే. ఫ్యానుకు దగ్గరగానో, మధ్యాహ్నపు ఎండ తగిలేలానో, పిల్లి అందుకునే ఎత్తులోనో కడుతున్నారు. రంధ్రం 32 మిల్లీమీటర్లు చాలు, పెద్దదైతే గోరింక ఆక్రమిస్తుంది. ముందు పుల్ల పెట్టొద్దు, అది కాకి నిలబడడానికే పనికొస్తుంది. పది అడుగుల ఎత్తున, తూర్పుకో ఉత్తరానికో తిప్పి, వరి కుచ్చు ఒకటి దగ్గర్లో కట్టండి. పిచ్చుక పిల్లలకు గింజ కాదు, పురుగు కావాలి. ఆవరణలో గడ్డి మందు కొడితే ఏ గూడూ నిండదు. ఎండాకాలం నీళ్లకు వెడల్పాటి మట్టిమూకుడు, రెండు అంగుళాల లోతు, మధ్యలో ఒక రాయి. రోజూ పారబోసి తోమాలి, లేకపోతే వారంలో దోమలు తయారవుతాయి.

గూటి నుంచి పడ్డ పిల్లను ఇంటికి తీసుకెళ్లకూడదు. ఈకలు రాకపోతే మళ్లీ గూట్లో పెట్టాలి, మనిషి ముట్టుకుంటే తల్లి వదిలేస్తుందన్నది నిజం కాదు. ఈకలొచ్చినదైతే పొద మీద పెట్టి దూరం జరిగితే తల్లే వస్తుంది. రామచిలుక మన రాష్ట్ర పక్షి. పంజరంలో పెట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. నక్షత్ర తాబేలుకూ అంతే.

పాము కనబడితే పిల్లలకు మూడే మాటలు: ఆగు, వెనక్కి నడు, టీచరుకు చెప్పు. జెర్రిపోతు ఎలుకల్ని తిని రైతుకు మేలు చేసేదే, కానీ అది ఏ పామో తేల్చే పని పిల్లలది కాదు. కరిస్తే కోయడం, గట్టిగా కట్టడం, పసరు పోయడం ఏవీ చేయకుండా, నడిపించకుండా, 108కి ఫోను. మధ్యాహ్న భోజనం మిగులును గోడ పక్కన వేయడం మానితే ఎలుకలు తగ్గుతాయి, వాటి వెనక వచ్చే పాములూ తగ్గుతాయి.

ఏడాదికొకసారి బయటికి తీసుకెళ్లాలనుకుంటే గుంటూరు పక్కనే ఉప్పలపాడు ఉంది. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు చెరువులోని చెట్ల మీద గూళ్లు కడతాయి. డిసెంబరు, జనవరిలో సాయంత్రం నాలుగు తర్వాత వెళితే మేతకు పోయినవి తిరిగి వాలడం చూడవచ్చు. ముప్పై మందికి మించి తీసుకెళ్లకండి, మైకు వద్దు. అక్కడ పక్షులు గూళ్లు కట్టుకున్న చెట్లలో సర్కారు తుమ్మ ఉంది, అదీ అమెరికా ఖండం నుంచి వచ్చినదే. పిల్లలు ఆ సంగతి అడుగుతారు, అడగనివ్వండి. బయటి మొక్క కనబడగానే నరకమని కాదు, కొత్తగా నాటేది మనదై ఉండాలని మేము చెప్పేది.

వీటన్నిటికీ కావలసిన సమయం వారానికి రెండు పీరియడ్లు, పరిసరాల విజ్ఞానంలోనివే. ఒక రెండు వందల పేజీల నోటుపుస్తకం బడికొకటి: తేదీ, చోటు, ఏం కనబడింది, ఏం చేస్తోంది. ఐదో తరగతి వెళ్లిపోతూ దాన్ని నాలుగో తరగతికి ఇచ్చి వెళ్లాలి.

జూన్ రెండో వారానికి ముందే ఉత్తర్వు వస్తే ఈ ఏడు వేప గింజ దొరుకుతుంది. ఆలస్యమైతే నేరేడుతో పాటు అదీ పోయి, మళ్లీ ఏడాది ఆగాలి. మట్టి కలపడం, సంచి మార్చడం, పురుగు డబ్బా కట్టడం ఉపాధ్యాయులకు ఒక పూట చేసి చూపించడానికి మేము ఏ మండలానికైనా వస్తాం.

ఇట్లు,
విజయవాడ, గుంటూరు ప్రాంతపు నర్సరీ రైతులు, వృక్షశాస్త్ర అధ్యాపకులు, పక్షి పరిశీలకులు